పాత సైడ్‌వైండరా, కొత్త మోజానా?

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టిక్ (విమానం గేముల్లో మోటార్లతో చేతికి ఒత్తిడి తెలిపే జాయ్‌స్టిక్) కోసం నల్గొండలో షాపులు తిరిగి లాభం లేదు, ఏదైనా ఆన్‌లైన్‌లోనే.

మైక్రోసాఫ్ట్ సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ 2 ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతుంది. యూఎస్‌బీది కాబట్టి విండోస్ 10లో డ్రైవర్ గొడవ లేదు. పిడిలో సెన్సర్ ఉంటుంది. చెయ్యి తీయగానే మోటార్లు ఆగి స్టిక్ పక్కకు వాలిపోతుంది. పాడైందని టెన్షన్ పడకండి, దాని పద్ధతే అంత. బలం మాత్రం తక్కువ.

కొత్త మోజా ఏబీ9 అనేది మోటార్లున్న బేస్, దాని బలం 9 న్యూటన్ మీటర్లు. మామూలు ప్లైవుడ్ టేబుల్ ఊగిపోతుంది, గట్టి స్టాండ్ తప్పదు. పిడి కూడా విడిగా కొనాలి.

డీసీఎస్ (పీసీలో ఆడే యుద్ధవిమానాల సిమ్యులేటర్ గేమ్) సెట్టింగుల్లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌కు టిక్ పెట్టాక హెలికాప్టర్ ఎక్కి ట్రిమ్ బటన్ నొక్కండి: స్టిక్ పెట్టినచోటే నిలబడుతుంది. మోటార్లు లేని మామూలు స్ప్రింగ్ స్టిక్‌తో ఈ సుఖం రాదు. మంచి కండిషన్‌లో దొరికితే నా ఓటు సైడ్‌వైండర్‌కే.