ఎస్పీ రోడ్‌లో 250 రూపాయల అడాప్టర్ కొంటే మూడు వారాల నెట్ గోల తీరింది

ఇది బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్‌లో ఒక చిన్న అడాప్టర్ల షాపు రివ్యూ. కానీ అక్కడిదాకా ఎందుకు పోవాల్సొచ్చిందో చెప్పకపోతే ఆ పెద్దాయన చేసిన పని విలువ తెలీదు, కాస్త ఓపిక పట్టండి.

మేముండేది మారతహళ్లి పక్కన మున్నేకొలాలలో, బిల్డింగ్‌లో సగం మంది మనోళ్ళే. ఫైబర్ నెట్, కంపెనీ పేరు వద్దులెండి. సాయంత్రం ఏడైతే చాలు నెట్ పోవడం, రెండు మూడు నిమిషాలకి దానంతటదే రావడం, మళ్ళీ పోవడం. మా ఆవిడకి రాత్రి ఎనిమిదింటికి అమెరికా వాళ్ళతో కాల్ ఉంటుంది, సరిగ్గా తను మాట్లాడేటప్పుడే స్క్రీన్ మీద నోరు తెరుచుకుని ఆగిపోతుంది, అటు వాళ్ళకి ఏం కనిపిస్తుందో గానీ ఇటు నాకు మాత్రం తన చూపు కనిపిస్తుంది.

కస్టమర్ కేర్ వాళ్ళకి తెలిసిన మందు ఒకటే, ఆఫ్ చేసి ముప్పై సెకండ్లాగి ఆన్ చేయండి. అది పొద్దున చేస్తే బాగానే ఉంటుంది, ఎందుకంటే పొద్దున ఎలాగూ బాగానే ఉంటుంది. రెండు కంప్లైంట్లు మనిషి రాకుండానే క్లోజ్ చేసి, మీ సమస్య పరిష్కరించబడింది అని మెసేజ్ పంపారు.

సరే మనమే చూద్దామని 192.168.1.1, అంటే రూటర్ సెట్టింగ్స్ పేజీలోకి పోయా. ఫోన్‌లో వైఫై అనలైజర్ పెట్టి చూస్తే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో పైన కింద పక్కన అందరూ 6వ చానెల్ మీదే కూర్చున్నారు, మాది కూడా అదే. ఒకదాన్నొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే కాబట్టి మాది 11కి మార్చా, 5 గిగాహెర్ట్జ్ వైఫైకి వేరే పేరు పెట్టా. బెడ్రూంలో స్పీడ్ కాస్త పెరిగింది, ఏడింటికి మాత్రం మళ్ళీ ఢమాల్. ఎవరో చెప్పారని డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) గూగుల్‌ది 8.8.8.8 పెట్టా, దానివల్ల ఏమీ కాలేదు. చివరికి ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి చూశా, కేబుల్‌లో కూడా పోతోంది. అంటే వైఫై తప్పు కాదు. ఈ పని మొదటి రోజే చేసుంటే మూడు సాయంత్రాలు మిగిలేవి.

మూడో కంప్లైంట్‌కి మనిషొచ్చాడు. కోలారు కుర్రాడు, తెలుగు బాగా మాట్లాడతాడు. వైర్ పీకి చిన్న మీటర్‌కి పెట్టి "చూడన్నా, మైనస్ 19 డీబీఎం వస్తా ఉంది, లైట్ సూపర్‌గా ఉంది" అన్నాడు. కరెక్టే, అది ఫైబర్‌లో వచ్చే వెలుతురు బలం, మైనస్ 27 కంటే కిందకి పడిపోతేనే భయపడాలి. అయినా వచ్చినందుకు కనెక్టర్ కొత్తది వేసిపోయాడు. కుర్రాడి మీద కోపం లేదు, పగలు పన్నెండింటికొస్తే రాత్రి రోగం ఎవడికి దొరుకుతుంది.

దొరికింది మా నాన్నకి. ఆయన సబ్‌స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు, గంటగంటకీ లాగ్ బుక్ రాసిన చెయ్యి. రూటర్ ఎదురుగా కుర్చీ వేసుకుని మా పాప నోట్‌బుక్ వెనక పేజీలో రాశారు: 7.12 అన్ని దీపాలు ఆరినవి. 7.12 పవర్ దీపం వెలిగినది. 7.14 మిగతావి. 7.31 అన్ని దీపాలు ఆరినవి. అది చూపించి "లైన్ పోతే ఆ ఎర్ర లైటొకటే వెలగాల గదరా, పవర్ లైటెందుకు ఆరిపోతాంది? దీనికి కరెంటు సరిగ్గా అందడం లే" అన్నారు. ఎల్ఓఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్) అని రాసుండే ఎర్ర లైట్ గురించి నేను ఇంటర్నెట్‌లో అంత చదివాను, ఆ పక్కన పవర్ లైట్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. టీవీ వెనక సెట్‌టాప్ బాక్స్‌కీ గోడకీ మధ్య ఇరుక్కున్న అడాప్టర్ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది.

శనివారం పొద్దున మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో మారి చిక్‌పేటలో దిగి నడిచా (కారు తీసుకెళ్ళొద్దు, పార్కింగ్ గురించి మాట్లాడుకోవడం కూడా వేస్ట్). షాపంటే మెట్ల కింద మనిషి పట్టేంత సందు, బోర్డు మీద సగం అక్షరాలు ఊడిపోయాయి. 12 వోల్ట్ 1.5 యాంప్ కావాలంటే ఆ పెద్దాయన అమ్మడానికి తొందరపడలేదు, పాతది ఇమ్మన్నాడు. మీటర్ పెడితే 12.1 చూపించింది, మంచిగానే ఉంది కదా అనుకున్నా. ఆయన నవ్వి డ్రాయర్లోంచి బైక్ ఇండికేటర్ బల్బు తీశాడు, పది వాట్లది, రెండు వైర్లు సోల్డర్ చేసి ఉన్నాయి. దాన్ని తగిలించాడు. మీటర్ మెల్లగా 11, 10, 9కి దిగింది, బల్బు మిణుకుమిణుకుమంది. లోపల వోల్టేజ్‌ని నిలకడగా ఉంచే కెపాసిటర్ వేడికి ఎండిపోయిందంట, ఖాళీగా ఉంటే వోల్టేజ్ చూపిస్తుంది, పని చెప్తే చేతులెత్తేస్తుంది. రాత్రి అందరి ఫోన్లూ, టీవీ కలిసి నెట్ మీద పడితే రూటర్ కరెంటు ఎక్కువ లాగుతుంది, అది ఇవ్వలేక రూటర్ చచ్చి మళ్ళీ పుడుతుంది.

కొత్తది అదే బల్బుకి పెట్టి చూపించాడు, 11.9 దగ్గర కదల్లేదు. 2 యాంప్‌ది తీసుకోమన్నాడు, వోల్ట్ మాత్రం అదే ఉండాలి, యాంప్ ఎక్కువున్నా నష్టం లేదు. పిన్ కూడా నా పాతదాంతో కొలిచి ఇచ్చాడు, బయట ఒకేలా కనపడే వాటిలో లోపలి సైజు 2.1, 2.5 అని తేడా ఉంటుందంట, ఆన్‌లైన్‌లో కొనుంటే ఖచ్చితంగా తప్పుది తెచ్చేవాణ్ణి. 300 చెప్పి 250కి ఇచ్చాడు.

ఐదుకి నాలుగు స్టార్లే, ఒకటెందుకు తీశానంటే బిల్ అడిగితే విసుక్కున్నాడు, వారంటీ అంటే కవర్ మీద పెన్నుతో తేదీ రాసి నెల రోజులన్నాడు, అంతే. పేటీఎం తీసుకుంటాడు. ఆదివారం పోకండి, ఆ రోడ్డులో చాలా షాపులు మూసేసుంటాయి.

అడాప్టర్ మార్చి పన్నెండు రోజులు, ఒక్కసారి కూడా పోలేదు, టీవీ వెనకనించి తీసి బయట గాలికి పెట్టా. నెట్ కంపెనీవాళ్ళు నిన్న ఫోన్ చేసి మా సర్వీస్‌కి రేటింగ్ ఇవ్వమన్నారు. కనెక్షన్ తీసేసేటప్పుడు అడాప్టర్ కూడా వాపస్ ఇవ్వాలంట, లేకపోతే డిపాజిట్‌లో కోస్తారంట, అందుకే ఆ కాలిపోయినదాన్ని జాగ్రత్తగా కవర్లో పెట్టి దాచా.