విదేశాల్లో పెళ్లి షూట్: ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్టా, కార్నెట్టా, అక్కడే అద్దెకా?

బాలిలో ప్రీ వెడ్డింగ్, డల్లాస్‌లో పెళ్లి అనే మాట ఇప్పుడు విజయవాడ, గుంటూరు స్టూడియోలకు కొత్త కాదు. టికెట్లు, హోటళ్లు పెళ్లివాళ్లు చూసుకుంటారు. గేర్ సంగతి మాత్రం స్టూడియో నెత్తినే పడుతుంది. దానికి దారులు మూడు. సొంత గేర్‌కి మన కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుని వెళ్లడం, ఏటీఏ కార్నెట్ (గేర్‌ని సుంకం కట్టకుండా కొంతకాలం వేరే దేశానికి తీసుకెళ్లి తెచ్చుకోవడానికి ఇచ్చే కస్టమ్స్ పుస్తకం) చేయించుకోవడం, మెమరీ కార్డులు మాత్రం జేబులో వేసుకెళ్లి మిగతాదంతా అక్కడే అద్దెకు తీసుకోవడం. ఏ కాగితమూ లేకుండా గ్రీన్ చానెల్‌లో (కస్టమ్స్‌కి చెప్పాల్సిందేమీ లేనివాళ్ల దారిలో) నడిచి వచ్చేయడం అనే నాలుగో దారి కూడా ఉంది. చాలామంది వెళ్లేది ఆ దారినే. తిరుగు ప్రయాణంలో ఆపారంటే మాత్రం ఆ కెమెరా బాడీ ఇండియా నుంచే తీసుకెళ్లిందని రుజువు చేసుకోవాల్సింది మీరే. మంచి ఫుల్ ఫ్రేమ్ బాడీ ఒక్కటి చాలు, డ్యూటీ ఫ్రీ పరిమితి దాటడానికి.

సర్టిఫికెట్టుకీ కార్నెట్టుకీ తేడా ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మొదటిది తిరిగి వచ్చినప్పుడు మన కస్టమ్స్‌కి చూపించేది. అవతలి దేశంలో దానికి విలువ లేదు. రెండోది రెండు చోట్లా చెల్లుతుంది.

ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్టుకి డిపాజిట్, గ్యారంటీ ఏమీ కట్టక్కర్లేదు. బాడీలు, లెన్సులు, గింబల్ (కెమెరా కుదుపు లేకుండా పట్టే పరికరం), ఫ్లాష్‌ల మేక్, మోడల్, సీరియల్ నంబర్లు టైప్ చేసిన జాబితా కాపీలు, కొన్న బిల్లుల జిరాక్సులు పట్టుకెళ్లాలి. బిల్లు స్టూడియో పేరున ఉండి ప్రయాణించేది అసిస్టెంట్ అయితే లెటర్‌హెడ్ మీద ఒక ఆథరైజేషన్ ఉత్తరం జతచేయండి. ఆఫీసర్ వస్తువులు కళ్లారా చూసి, నంబర్లు సరిపోల్చి ముద్ర వేస్తారు. అందుకే పెట్టె చెక్ ఇన్‌లో ఇచ్చేయకముందే ఈ పని పూర్తి కావాలి. మనవాళ్లకు చిక్కు వచ్చేది ఇక్కడే. గన్నవరంలో డొమెస్టిక్ ఫ్లైట్ ఎక్కి ఢిల్లీలోనో ముంబైలోనో మారేటప్పుడు పెట్టెలు చివరి ఊరి దాకా ట్యాగ్ అయిపోతే, అక్కడి కస్టమ్స్‌కి చూపించడానికి మీ చేతిలో వస్తువే ఉండదు. సర్టిఫికెట్ కావాల్సినవన్నీ క్యాబిన్ బ్యాగులో ఉండాలి, లేదంటే రోడ్డు మీద శంషాబాద్ వెళ్లి అక్కడి నుంచి నేరుగా ఎక్కాలి. గేర్ ఎక్కువుంటే రెండోదే మేలు. హైదరాబాద్ దారి కారులో ఐదారు గంటలు పట్టినా, కౌంటర్ దగ్గర హడావిడి తప్పుతుంది.

సీరియల్ నంబర్లు ముందురోజు రాత్రే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. విదేశంలో బాడీ పాడై సర్వీస్ సెంటర్ వాళ్లు కొత్తది మార్చి ఇస్తే నంబర్ మారిపోతుంది, చేతిలో ఉన్న సర్టిఫికెట్ దానికి పనికిరాదు. రీప్లేస్‌మెంట్ కాగితం తప్పకుండా అడిగి తీసుకోండి.

డ్రోన్ సంగతి ఇంకా పట్టింపు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం తయారైన డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. అంటే రుజువు లేకుండా డ్రోన్‌తో తిరిగి ఇండియాలో దిగితే డ్యూటీ కట్టి బయటపడే వీలు కూడా ఉండకపోవచ్చు. పైగా మొరాకో లాంటి దేశంలో డ్రోన్‌ని లోపలికే రానివ్వరు. థాయ్‌లాండ్‌లో ఎగరేయాలంటే ముందు రిజిస్ట్రేషన్ కావాలి. ఏరియల్ షాట్లు కావాలంటే అక్కడి లైసెన్స్ ఉన్న ఆపరేటర్‌ని పెట్టుకోవడమే నయం. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

ఇక కార్నెట్. మన దేశంలో దీన్ని జారీ చేసేది ఫిక్కీ (వాణిజ్య, పరిశ్రమల సంఘాల సమాఖ్య). గడువు ఏడాది. సెక్యూరిటీగా డిపాజిట్ గానీ బ్యాంకు గ్యారంటీ గానీ పెట్టాలి, ఫీజు వేరే. చిన్న స్టూడియోకి ఆ సొమ్ము ఇరుక్కుపోవడమే అసలు బరువు. పుస్తకంలో పసుపు కాగితాలు మన దేశం నుంచి వెళ్లడానికీ తిరిగి రావడానికీ, తెల్లవి అవతలి దేశంలో ప్రవేశానికీ నిష్క్రమణకూ, నీలివి ట్రాన్సిట్‌కి. ప్రతి చోటా ముద్ర వేయించాల్సిందే. ఎక్కువమంది దెబ్బతినేది అవతలి దేశం నుంచి బయల్దేరేటప్పుడు. తెల్లవారుజాము ఫ్లైట్, కస్టమ్స్ కౌంటర్ ఎక్కడో మూల, నిద్రమత్తులో తెల్ల కాగితంపై ముద్ర మర్చిపోతారు. వస్తువు ఆ దేశంలోనే మిగిలిపోయిందని లెక్క. నెలల తర్వాత సుంకం క్లెయిమ్ వస్తుంది, గ్యారంటీ మీద పడతారు. జాబితాలో లేని వస్తువు తర్వాత చేర్చడానికి వీల్లేదు. వాడితే అయిపోయే సరుకు అందులో రాదు. నేపాల్ లాంటి దేశాలు ఈ పద్ధతిలోనే లేవు.

ఇంకోటి, ఇది ఎవరూ ముందు చెప్పరు. కార్నెట్ మీద ప్రొఫెషనల్ పరికరాలు అని రాసుకుని, చేతిలో టూరిస్టు వీసా పట్టుకుంటే ఇమిగ్రేషన్‌లో వాళ్లడిగే మొదటి ప్రశ్న మీరు ఊహించుకోవచ్చు. డబ్బు తీసుకుని పనిచేయడానికి ఆ దేశం ఏ వీసా అడుగుతుందో ముందు తేల్చుకోండి. వీసా తేలకపోతే గేర్ లెక్క వేయడమే దండగ.

అద్దె దారి చూద్దాం. అమెరికా, దుబాయ్, సింగపూర్‌లలో రెంటల్ హౌస్‌లకు కొదవ లేదు. లైట్లు, స్టాండ్లు, సీ స్టాండ్లు (బరువైన లైట్ స్టాండ్లు), పెద్ద ట్రైపాడ్‌లకు ఇదే సరైన దారి. మన 230 వోల్టుల స్టూడియో స్ట్రోబ్ (పెద్ద ఫ్లాష్ లైట్) అమెరికాలో 120 వోల్టులకు పనిచేయదు. బాడీలు కూడా అద్దెకే అంటే మాత్రం ఇబ్బందులు మొదలవుతాయి. క్రెడిట్ కార్డు మీద పెద్ద మొత్తం బ్లాక్ చేస్తారు. శనివారం పెళ్లైతే శుక్రవారం సాయంత్రం లోపే తీసుకోవాలి. మీ కస్టమ్ బటన్లు, కలర్ ప్రొఫైల్ ఏవీ అందులో ఉండవు. తాళి కట్టే నిమిషంలో మెనూలు వెతుక్కునే పరిస్థితి ఏ పెళ్లి ఫొటోగ్రాఫర్‌కీ వద్దు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అద్దె బాడీ అయినా సొంతదైనా షటర్ 1/60 లేదా 1/120 పెట్టకపోతే హాలు లైట్లు వీడియోలో మిణుకుమిణుకుమంటాయి. మనకు అలవాటైన 1/50, 25 ఫ్రేములు అక్కడ ఇబ్బందే.

బరువు లెక్క వేసుకోండి. సోనీ ఏ7 4 బాడీ బ్యాటరీతో 658 గ్రాములు, రెండంటే 1,316. లెన్సుల్లో 24-70 జీఎం 2 అయితే 695 గ్రాములు, 70-200 జీఎం 2 అయితే 1,045, 35 జీఎం 524. అక్కడికే 3.6 కిలోలు. ఖాళీ బ్యాక్‌ప్యాక్ రెండు కిలోలు, ల్యాప్‌టాప్ కిలోన్నర, ఆరు బ్యాటరీలు అరకిలో. ఎమిరేట్స్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎకానమీలో క్యాబిన్ బ్యాగుకి 7 కిలోలే. అందుకే ఇద్దరు వెళ్తే తలా ఒక బాడీ తీసుకుని, లెన్సులు కూడా పంచుకోండి. ఒక బ్యాగు ఎక్కడైనా ఆగినా పని నడుస్తుంది.

స్పేర్ బ్యాటరీలు ఎప్పుడూ క్యాబిన్‌లోనే, చెక్ ఇన్‌లో వేస్తే తీసేస్తారు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 100 వరకు ఇబ్బంది లేదు. 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతితో రెండు మాత్రమే, పైన అసలు కుదరదు. 14.4 వోల్టులు, 6.8 ఆంపియర్ అవర్ల వీ మౌంట్ బ్యాటరీ (వీడియో లైట్లకు, కెమెరాలకు తగిలించేది) 98 వాట్ అవర్లు, వెళ్తుంది. గోడాక్స్ ఏడీ600 ప్రో ఫ్లాష్ బ్యాటరీ 75 లోపే. టెర్మినల్స్‌కి టేపు వేయండి, విడివిడి పౌచ్‌లలో పెట్టండి.

మా తీర్పు ఇదీ: రెండు మూడు బాడీలు, నాలుగైదు లెన్సులతో పెళ్లికి వెళ్లే జట్టుకి సొంత కెమెరాలు, ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్, లైట్లు అక్కడే అద్దెకు. పది పెట్టెల సరంజామాతో యాడ్ షూట్‌కో, ఏడాదిలో మూడు నాలుగు దేశాలకో వెళ్లేవాళ్లకు కార్నెట్ ఖర్చు గిట్టుబాటవుతుంది. పూర్తిగా అద్దె మీద ఆధారపడటం మాత్రం, అక్కడే ఉండి గేర్‌ని ఒకరోజు ముందు పరీక్షించి చూడగల మనిషి ఉంటేనే. ఇన్సూరెన్స్ పాలసీ ఇండియా బయట వర్తిస్తుందో లేదో ఈ మూడింటిలో దేనికైనా ముందే రాతపూర్వకంగా అడగండి.