ఆస్ట్రేలియా ప్రభుత్వ బడి: ప్రెప్ నుంచి ఇయర్ 11 దాకా వాడి చూశాక

మెల్‌బోర్న్‌కు కొత్తగా వచ్చే తెలుగువాళ్లు ఇల్లు, కారు తర్వాత తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇక్కడ గవర్నమెంటు స్కూళ్లలో చదువు బాగుంటుందా అండీ?" మా అమ్మాయి 2015లో ప్రెప్‌లో, అంటే ఒకటో తరగతికి ముందు ఏడాదిలో, చేరింది, ఇప్పుడు ఇయర్ 11 చదువుతోంది. అబ్బాయి ఇయర్ 6లో ఉన్నాడు. ఇద్దరివీ నగరానికి పడమటి శివార్లలోని ప్రభుత్వ బడులే. ఇన్నేళ్లు వాడాక నా జవాబు ఇది: బడి చాలా బాగుంటుంది. చదువు మాత్రం ఆ ఏడాది దొరికిన టీచరును బట్టి ఉంటుంది. అది బాగా లేనప్పుడు ఆ కబురు మన దాకా చేరేసరికి చాలా ఆలస్యమవుతుంది.

బడి బాగుంటుందని మర్యాదకు అనడం లేదు. మా పిల్లలు ఒక్కరోజు కూడా బడికి భయపడి ఏడవలేదు. దెబ్బలు లేవు, ర్యాంకులు లేవు, అందరి ముందూ మార్కులు చదవడం లేదు. టోపీ మరచిపోతే ఎండలో ఆడనివ్వరు, అదే పెద్ద శిక్ష. ప్రెప్ నుంచే వారం వారం తరగతి ముందు నిలబడి తమకు నచ్చిన వస్తువు గురించి చెప్పే అలవాటు చేస్తారు. దాని ఫలితం మా అమ్మాయిలో కనిపిస్తుంది: ఇయర్ 4లో అసెంబ్లీలో బడి అంతటి ముందూ తడబడకుండా మాట్లాడింది. నేనైతే ఇంజినీరింగ్ మూడో ఏడాది దాకా తరగతిలో చెయ్యెత్తి ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లవాడు ఒకడు మావాడి తరగతిలోనే సహాయకురాలి తోడుతో చదివాడు, పుట్టినరోజు పార్టీలకు అందరితో పాటు వచ్చాడు. ఈత, క్యాంపులు, లైబ్రరీ సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

ఇక రిపోర్టు కార్డు. ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ‘ఏ’ నుంచి ‘ఈ’ వరకు ఐదు మెట్లు, లేదా వాటికి సమానమైన చుక్కలూ గీతలూ. ‘సీ’ వస్తే మనవాళ్ల గుండెలు జారిపోతాయి గానీ, ఇక్కడ దాని అర్థం పిల్లవాడు ఆ తరగతికి ఉండవలసిన చోటే ఉన్నాడని. ఆ మెట్టు చాలా వెడల్పైనది. హాయిగా చదివేవాడూ ఉంటాడు అందులో, అంచున వేలాడేవాడూ ఉంటాడు. కింద రాసే వ్యాఖ్యలన్నీ తీయగా ఉంటాయి. "చక్కగా కలిసిపోతాడు, పట్టుదలగా ప్రయత్నిస్తాడు" అని చదివి మురిసిపోతాం. తల్లిదండ్రుల సమావేశానికి దొరికేది పది నిమిషాలు. అందులో ఆరు నిమిషాలు పిల్లవాడి మంచితనం మీదే గడుస్తాయి.

బయటి కొలత ఏదైనా ఉందంటే అది న్యాప్లాన్. 2008 నుంచి ఇయర్ 3, 5, 7, 9 పిల్లలందరికీ దేశమంతటా పెట్టే పరీక్ష. మా అమ్మాయి ఇయర్ 3లో 2018లో రాసింది. ఇయర్ 5కు వచ్చేసరికి 2020, కోవిడ్ వల్ల పరీక్షనే రద్దు చేశారు. మళ్లీ రాసింది 2022లో, ఇయర్ 7లో. నడుమ నాలుగేళ్ల పాటు పిల్ల ఎక్కడుందో చెప్పిన బయటి కాగితం ఒక్కటీ మా ఇంటికి రాలేదు. ఆ నాలుగేళ్లలోనే మెల్‌బోర్న్ లాక్‌డౌన్లు, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ చదువు. 2023లో న్యాప్లాన్‌ను మే నుంచి మార్చికి జరిపి, పాత బ్యాండ్లనే మెట్ల స్థానంలో నాలుగు స్థాయిలు పెట్టారు. ఇది నిజంగా మంచి మార్పు. పాత కాగితం చూసి కంగారు పడాలో సంతోషించాలో తెలిసేది కాదు. కొత్తది సూటిగా చెబుతుంది. మావాడు ఆ ఏడాదే ఇయర్ 3. రిపోర్టులన్నీ బాగున్న వాడికి లెక్కల్లో ‘డెవలపింగ్’ వచ్చింది, అంటే ఆశించిన స్థాయికి చేరలేదని. దేశం మొత్తం మీద ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు ఇలా ఆ గీత కిందనే ఉంటున్నారు. మరి ఆ పిల్లల రిపోర్టులు ఏం చెబుతున్నాయో!

చదవడం నేర్పే తీరు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నా కళ్ల ముందే అది తలకిందులైంది. అమ్మాయి ప్రెప్‌లో ఉన్నప్పుడు రోజూ ఒక చిన్న పుస్తకం ఇంటికి వచ్చేది. ప్రతి పేజీలో ఒకే వాక్యం, చివరి మాట ఒక్కటే మారుతుంది, బొమ్మ చూస్తే ఆ మాట తెలిసిపోతుంది. తెలియని మాట వస్తే బొమ్మ చూడు, మొదటి అక్షరం చూడు, ఏది సరిపోతుందో ఊహించు అని బడి చెప్పిన పద్ధతి. ఇంట్లో మా అమ్మ అదే పిల్లకు అక్షరాలు దిద్దించి, గుణింతాలు వల్లె వేయించి తెలుగు నేర్పింది. అందువల్ల తెలుగులో ఎప్పుడూ చూడని మాటనైనా కూడబలుక్కుని చదివేది, ఇంగ్లీషులో మాత్రం బొమ్మ వైపు చూసేది. బొమ్మలు లేని పుస్తకాలు మొదలైన ఇయర్ 3లో గానీ తేడా బయటపడలేదు. మా అమ్మాయి ఎలాగో గట్టెక్కింది. గట్టెక్కనివాళ్లు ఆమె తరగతిలోనే ఉన్నారు.

ఇప్పుడు మా తమ్ముడి కూతురు 2025లో ప్రెప్ చదివింది. మా విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏడాది నుంచే ప్రెప్ నుంచి ఇయర్ 2 దాకా రోజుకు 25 నిమిషాలు ఫోనిక్స్‌ను, అంటే అక్షరాల ధ్వనులు కలిపి చదవడాన్ని, వరుస క్రమంలో నేర్పాలని ఆదేశించింది. ఆ పాప తెచ్చే పుస్తకాల్లో అప్పటిదాకా నేర్చుకున్న ధ్వనులతో కూడిన మాటలే ఉంటాయి. బొమ్మ మూసేసినా చదువుతుంది. ఈ దారి దక్షిణ ఆస్ట్రేలియా ముందే పట్టింది. 2018లో ఇయర్ 1 పిల్లలందరికీ ఫోనిక్స్ పరీక్ష పెడితే 43 శాతం మందే నిర్ణీత స్థాయికి చేరారు. 2023 నాటికి అది 71 శాతం. పరీక్ష పెట్టడంతోనే చదువు రాదు. ఆ అంకె చూశాక టీచర్లకు శిక్షణ, సరైన పుస్తకాలు ఇచ్చారు కాబట్టి వచ్చింది. నేను చూసిన సంస్కరణలన్నిటిలో దీనికే పూర్తి మార్కులు వేస్తాను. పదేళ్ల ముందు వచ్చి ఉంటే బాగుండేది.

లెక్కల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట అనలేను. హైస్కూలు మొదటి రెండేళ్లలో మా అమ్మాయికి లెక్కలు చెప్పిన మనుషులు మారుతూనే ఉన్నారు. ఒక టీచరు టర్మ్ మధ్యలో వెళ్లిపోయారు, ఆ తర్వాత వారాల తరబడి సీఆర్‌టీలు, అంటే ఆ పూటకు ఫోన్ చేసి పిలిపించుకునే తాత్కాలిక టీచర్లు. కొంతకాలం వ్యాయామ ఉపాధ్యాయుడే లెక్కలు చెప్పారు. మనిషి ఎంతో మంచివారు, పిల్లలకు ప్రాణం. బీజగణితం మాత్రం ఆయన కూడా పిల్లలతో పాటే నేర్చుకుంటున్నట్టు ఉండేది. ఎవరూ దొరకని రోజు తరగతిని ముక్కలు చేసి పక్క గదుల్లో సర్దేవారు. ఇది మా బడి ఒక్కదాని కథ కాదు. దేశమంతటా టీచర్ల కొరత ఉంది, తాము చదవని సబ్జెక్టు చెప్పవలసి రావడం మామూలైపోయింది, నగరపు అంచుల్లోనూ పల్లెల్లోనూ మరీ ఎక్కువ. న్యూ సౌత్ వేల్స్ 2023లో కొత్త టీచరు జీతాన్ని 85 వేల డాలర్లకు పెంచడంతో విక్టోరియా బడులకు పోటీ ఇంకా పెరిగింది. దేశాలను పోల్చడానికి పెట్టే పీసా పరీక్షలో 2003లో ఆస్ట్రేలియా పదిహేనేళ్ల పిల్లల లెక్కల సగటు 524 అయితే, 2022లో 487. ఆ సారి పట్టికలో దేశం పైకి ఎక్కినట్టు కనిపించింది గానీ, అది మిగతావాళ్లు ఇంకా ఎక్కువ జారడం వల్ల.

‘డెవలపింగ్’ వచ్చిన మావాడికి బడి సాయం చేయలేదా అంటే, చేసింది. కోవిడ్ తర్వాత విక్టోరియా పెట్టిన ట్యూటర్ పథకం కింద చిన్న గుంపులో ప్రత్యేక పాఠాలు చెప్పారు. ఆ పాఠాల కోసం వాడిని ఒక్కోసారి లెక్కల పీరియడ్ నుంచే పిలుచుకుపోయేవారని తర్వాత తెలిసింది. రాష్ట్ర ఆడిటర్ జనరల్ 2024లో ఈ పథకాన్ని పరిశీలించి, ట్యూషన్ పొందిన పిల్లలు అదే స్థాయిలో ఉండి ట్యూషన్ పొందని పిల్లల కంటే మెరుగుపడలేదని తేల్చారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. తరగతిలో మొదటిసారి పాఠం సరిగ్గా తగలకపోతే, దాని పక్కన ఎన్ని పథకాలు పెట్టినా అతుకులే. టీచరు ముందు తానే విడమరచి చెప్పి, చేసి చూపించి, తర్వాత పిల్లల చేత చేయించే పద్ధతిని ఇప్పుడు విక్టోరియా ప్రభుత్వ బడులన్నిటికీ తెస్తున్నారు. పిల్లలు తమంతట తామే కనుక్కోవాలని ఇన్నేళ్లు వేచి చూసిన వ్యవస్థకు ఇది పెద్ద మలుపు. మావాడి ఇయర్ 5 టీచరు అప్పటికే అలా చెప్పేవారు. రోజూ మొదట నిన్నటివి పది ప్రశ్నలు, చిన్న తెల్లపలకల మీద అందరూ ఒకేసారి రాసి చూపాలి. ఎవరికి రాలేదో ఆ క్షణమే తెలిసిపోతుంది. ఆ ఏడాది చివరికి వాడికి ట్యూషన్ అవసరం తీరింది.

డబ్బు సంగతి. ఫీజు లేదు గానీ ఖర్చు ఉంది: యూనిఫాం, లాప్‌టాప్, క్యాంపులు, ‘స్వచ్ఛంద’ విరాళం. అది మోయగలిగినదే. పెద్ద డబ్బు వేరే చోట ఉంది. బడుల నిధులపై కేంద్రం వేసిన డేవిడ్ గాన్‌స్కీ కమిటీ 2011లో నివేదిక ఇచ్చింది, పిల్లల అవసరాన్ని బట్టి బడికి ఇంత కావాలని ఒక కొలమానం సూచించింది. పేద పిల్లలు, మూలవాసులు, వైకల్యం ఉన్నవారు, మారుమూల బడులు ఉన్నచోట ఇంకా ఎక్కువ. లెక్క న్యాయంగానే ఉంది. కానీ ఆ కొలమానం ప్రకారం ప్రభుత్వాలు ఇవ్వవలసిన దానిలో, ప్రైవేటు బడికైతే 80 శాతం, ప్రభుత్వ బడికైతే 20 శాతం కేంద్రం ఇచ్చేలా, మిగతాది రాష్ట్రాలు భరించేలా ఏర్పాటు జరిగింది. కేంద్రం తన వంతు ఇచ్చింది, చాలా రాష్ట్రాలు బాకీ పడ్డాయి. అందుకే ఎన్నో ఏళ్లుగా చాలా ప్రైవేటు బడులకు రావలసినది నిండుగా అంది, ప్రభుత్వ బడులకు అందలేదు. కొత్త ఒప్పందంతో కేంద్రం తన వాటాను 25 శాతానికి పెంచుతోంది, అదీ 2034 దాకా మెల్లగా. మావాడు అప్పటికి బడి దాటిపోతాడు.

ఫోన్ల నిషేధం గురించి ఒక్కమాట: 2020 నుంచి విక్టోరియా ప్రభుత్వ బడుల్లో ఫోను లాకర్లోనే. పెద్దగా ఖర్చు లేని సంస్కరణ, మధ్యాహ్న భోజన సమయంలో పిల్లలు మళ్లీ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. హాజరు మాత్రం కోవిడ్ తర్వాత పూర్తిగా కోలుకోలేదు; 2019లో 91 శాతం దాటి ఉన్నది 2024లో 88 దగ్గర ఉంది. ఇందులో మన చేయి కూడా కొంత ఉంది. ముహూర్తాలు టర్మ్ సెలవులు చూసి రావు, టికెట్లు సెలవుల్లో చవగ్గా దొరకవు. ఇండియా వెళ్లిన కుటుంబం ఐదారు వారాలకు తిరిగి వస్తుంది, అప్పటికి భిన్నాల పాఠం అయిపోయి ఉంటుంది.

ఈ లోపాలకు మనవాళ్లు కనుక్కున్న మందు కోచింగ్. విక్టోరియాలో ఇయర్ 9కి ప్రవేశ పరీక్షతో చేర్చుకునే ప్రభుత్వ హైస్కూళ్లు నాలుగే. ఇయర్ 8లో రాసే ఆ పరీక్షకు ఇయర్ 5 నుంచే శనివారాలు సమర్పించుకుంటారు. హైదరాబాదులో వదిలేసి వచ్చామనుకున్నది ఇక్కడి పడమటి శివారు టార్నీట్‌లో మన కంటే ముందే వచ్చి కూర్చుంది. ఆ పిల్లలు బాగానే చదువుతారు. దాంతో బడి సగటు బాగుంటుంది, బడి బాగుందని అందరూ అనుకుంటారు, కోచింగ్‌కు డబ్బు లేని ఇంటి పిల్లవాడు ఆ సగటు చాటున కనబడకుండా పోతాడు.

ఇయర్ 11కు వచ్చాక మళ్లీ బడి మీద గౌరవం పెరిగిందని కూడా చెప్పాలి. పదేళ్లు నింపాదిగా నడిచిన బండి వీసీఈ, అంటే చివరి రెండేళ్ల రాష్ట్ర సర్టిఫికెట్ చదువు, అనగానే పరుగందుకుంటుంది. సబ్జెక్టు తెలిసిన టీచర్లందరినీ అక్కడే పెడతారు. బడికి బయటివారు దిద్దే పరీక్షలు వస్తున్నాయి కాబట్టి మాటలు కూడా సూటిగా ఉంటాయి: నీ వ్యాసంలో వాదన లేదు, మళ్లీ రాయి. ఈ మాట ఇయర్ 7లో ఎవరైనా అని ఉంటే ఎంత మేలు జరిగేదో.

మరి చేర్పించమంటారా అంటే, చేర్పించమనే అంటాను. పిల్లలకు నోరు, ధైర్యం, స్నేహాలు, బడి మీద ఇష్టం ఇస్తుంది. చదువులో ఎక్కడున్నారో తెలుసుకునే పని మాత్రం మీదే. బిడ్డ పుస్తకాలు చూపమని అడగండి, "సంతోషంగా ఉన్నాడా" అని కాక "ఈ టర్మ్‌లో ఏమి రావాలి, వాడికి ఏమి రాలేదు" అని అడగండి, టీచర్లు నిజం చెబుతారు. అడిగితేనే చెబుతారు. మావాడిని వచ్చే ఏడాది అక్క చదివే ప్రభుత్వ హైస్కూల్లోనే వేస్తున్నాం. బడి చూపించే సాయంత్రం సైన్సు ల్యాబులు, నాటకశాల, వంటగది అన్నీ తిప్పి చూపించారు. ఇయర్ 7కు లెక్కలు ఎవరు చెబుతారని అడిగితే, జనవరిలో గానీ తెలియదన్నారు.