జబ్బకు కట్టే బీపీ మిషన్: మా ఇంట్లో ఏడాది

ఈ ఏడాది మా అమ్మాయి పెళ్లయింది, అబ్బాయికి కూతురు పుట్టింది. ఈ రెండింటి మధ్య మా ఆయనకు గుండెపోటు. స్టెంట్ వేసి ఇంటికి పంపాక ఈ మిషన్ కొన్నాం. మొదట్లో ప్రతిసారీ బీపీ ఎక్కువే చూపించి టెన్షన్ పెట్టింది. తీరా చూస్తే, పట్టీ ఆయన జబ్బకు చిన్నది! చిన్న పట్టీ కడితే అంకె పెరుగుతుంది. పెద్దది తెప్పించాక కుదుటపడ్డాం. అది పెట్టెలోనే ఇవ్వాల్సింది.

చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాకే బటన్ నొక్కాలి. నిమిషం ఆగి మళ్లీ ఒకసారి. ఆ ఐదు నిమిషాలూ ఇద్దరం మనసులోనే దేవుడిని తలుచుకుంటాం. మనవరాలిని ఆయన మొదటిసారి ఎత్తుకున్న సాయంత్రం 124/78 వచ్చింది. పుస్తకంలో రాస్తుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు.