మండువా ఇంటి కప్పు కాగితంలో: బ్లెండర్ యాడాన్ చాన్నాళ్లు వాడాక

కంప్యూటర్లో త్రీడీ బొమ్మలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో ‘ఎక్స్‌పోర్ట్ పేపర్ మోడల్’ అనే యాడాన్ (అదనంగా తగిలించుకునే పనిముట్టు) ఉచితమనీ, త్రీడీ బొమ్మని కత్తిరించి మడిచి అంటించుకునే కాగితపు ముక్కలుగా విప్పి పీడీఎఫ్ ఇస్తుందనీ ఈపాటికి చాలామందికి తెలిసిందే. నేను దీన్ని వదలకుండా పట్టుకున్నది ఒకే ఒక్క సదుపాయం కోసం. కత్తెర ఎక్కడ పడాలో మనం చెప్పొచ్చు. అంచు ఎంచుకుని ‘మార్క్ సీమ్’ కొడితే కోత అక్కడే.

డాబా ఇంటికైతే ఇదేం పెద్ద సంగతి కాదు. మండువా ఇంటికి మాత్రం ప్రాణమంతా ఇందులోనే ఉంది. మా కోనసీమ లోగిళ్లలో పెంకు కప్పు బయటికి నాలుగు వాలులు, లోపల మండువా (ఇంటి నడుమ పైకప్పు లేని చోటు) వైపు నాలుగు. బయటి మూలలు ఉబికి ఉంటాయి, లోపలి మూలలు గాడి పడి ఉంటాయి. అతుకు ఆ గాడిలో పడిందా, ఎంత ఒడుపుగా అంటించినా జిగురు పొంగి తెల్లటి చార తేలుతుంది.

పాత ఇళ్ల కప్పులు బాగుచేసే వడ్రంగి మేస్త్రి గారికి ఈ బొమ్మ చూపించాను. “బయట మూలదేముందండి బాబూ, కొప్పు పెంకేసి సున్నం పెట్టేస్తే సరి. లోపలి మూల తేడా వచ్చిందంటే వానాకాలమంతా గిన్నెలు పెట్టుకోవడమేనండి” అన్నారు. కాగితానికీ అదే లెక్క. బయటి మూలలకీ, నడికొప్పుకీ సీమ్ పెట్టేశాను. ఆ అతుకుల మీద సన్నటి పట్టీని కొప్పు పెంకుల వరసగా అంటిస్తే కోత ఆనవాలే ఉండదు. గాడుల్ని మాత్రం కోయకుండా మడతలుగా ఉంచాను.

ముచ్చట ఇక్కడే. లోపలి నాలుగు వాలుల్నీ ఒకే ముక్కగా తీస్తే మూడు గాడులే మడత పడతాయి, నాలుగోది కోసి తీరాలి. పైనుంచి చూస్తే చూరుతో 45 డిగ్రీలుండే మూల గీత, వాలు 30 డిగ్రీలైనప్పుడు కాగితం మీద పరిస్తే 49 దాటుతుంది. వాలుకి రెండు చివర్ల చొప్పున ఎనిమిది చోట్ల ఈ తేడా పోగై దాదాపు 33 డిగ్రీల సందు మిగులుతుంది. ఆ సందు మూయబోతే కాగితం తనంతట తనే వాలు తేలుతుంది! మొదటిసారి చేతుల్లో అలా లేస్తుంటే ఒకటికి రెండుసార్లు విప్పి మూసి చూసుకున్నాను. ఆ ఒక్క అతుకునీ వంటింటి వైపు మూలకి తోసేశాను, అటు ఎవరూ చూడరు.

అయితే శ్రావణం వచ్చింది. మన డెల్టా గాలిలో తేమ సంగతి తెలిసిందేగా. అట్టకి పీచు ఒక వాటాన ఉంటుంది, తేమకి ఆ పీచుకి అడ్డంగా సాగుతుంది. నాలుగు వాలులూ ఒకే ముక్కలో ఉన్నాయి కాబట్టి రెండింటికి పీచు చూరు వెంబడి పడింది, రెండింటికి అడ్డంగా పడింది. మొదటి రెండూ కదల్లేదు. మిగతా రెండు చూరులూ అలలు తేలాయి. విడివిడి ముక్కలుగా కోసుంటే అన్నింటికీ పీచు ఒకే వాటాన పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు గాడుల్లో అతుకులొస్తాయి. ఇప్పుడు చూరు కింద అట్ట పట్టీలు దూలాల్లా వేస్తున్నాను. నీళ్ల జిగురు బాగా తగ్గించాను. అలలు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

ఇంకోటి, అట్ట మందం ఈ యాడాన్ లెక్కలోకి రాదు. 1:100 బొమ్మలో 0.3 మిల్లీమీటర్ల అట్ట అంటే అసలింటి మీద 3 సెంటీమీటర్లు. కొప్పు దగ్గర ఆ మేరకు మనమే చెక్కుకోవాలి.

నాకైతే బ్లెండర్ ముందే వచ్చు, సాయంత్రాలు ఖాళీ, కప్పు పిచ్చి ఎలాగూ ఉంది. కేవలం ఒక ఇంటి బొమ్మ కోసం బ్లెండర్ మొదట్నుంచీ నేర్చుకోమని ఎవరికీ చెప్పలేను. పొడి ఊళ్లలో ఉండేవాళ్లకి నా పీచు గొడవ అసలు తగలకపోవచ్చు కూడా.