నెల్లూరు ఉక్కలో తొలి హాఫ్ మారథాన్: రన్-వాక్ పద్ధతి మీద ఏడాదిన్నర తర్వాత నా సమీక్ష

ఏడాదిన్నర పాటించాక చెబుతున్నాను. నెల్లూరు లాంటి ఊళ్లో, ఉద్యోగం చేసుకుంటూ తొలి హాఫ్ మారథాన్‌కు తయారవ్వాలనుకునేవాళ్లకు రన్-వాక్‌ను మించిన పద్ధతి నాకు కనిపించలేదు. దాంతోపాటు నేను తీసుకున్న 12 వారాల బిగినర్ ప్లాన్ మాత్రం ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ పనికిరాదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఈ ప్లాన్లు చాలావరకు చలిదేశాల వాతావరణానికి రాసినవి. మన ఉక్కకి, మన వానలకి తగ్గట్టు ఎక్కడెక్కడ మార్చుకోవాలో రాయాలనే ఈ ప్రయత్నం.

నాకు నలభై దాటాయి. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే పని. పొద్దున్నే ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో నడిచే అలవాటు ఉంది తప్ప పరుగు ఎప్పుడూ నేర్చుకోలేదు. హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. ఇంట్లో ఆ అంకె చెబితే ఎవరికీ ఎక్కలేదు. "ఇక్కణ్ణుంచి ఇంచుమించు మైపాడు దాకా" అంటే మాత్రం మా అత్తయ్య చేతిలో పని ఆపేసి, "అంత దూరమా! మోకాళ్లు ఏం కావాలమ్మా?" అన్నారు. ఆ ప్రశ్న నాకూ ఉంది. రన్-వాక్ వైపు వెళ్లింది అందుకే.

పద్ధతి తేలిక. కొంతసేపు పరుగు, కొంతసేపు నడక, మళ్లీ పరుగు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికా రన్నర్ జెఫ్ గాలొవే 1974లో కొత్తవాళ్లకు పరుగు నేర్పుతూ దీన్ని తయారుచేశారు. ఇందులో అసలు కిటుకు అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవడం. మొదటి కిలోమీటరులో, ఒంట్లో బోలెడు ఓపిక ఉన్నప్పుడే, టైమర్ మోగగానే నడకలోకి దిగాలి. చాలామంది ఇక్కడే ఒప్పుకోరు. "ఇప్పుడే కదా మొదలుపెట్టాం, అప్పుడే నడకేంటి" అంటారు. కానీ ఆ తొలి నడకల ఫలితం పన్నెండో కిలోమీటరు తర్వాత తెలుస్తుంది. ఎప్పుడూ ఒకే కండరాల మీద ఒకే రకమైన బరువు పడదు. గుండె వేగం కాస్త దిగుతుంది. ఒళ్లు చల్లబడటానికి కాస్త టైము దొరుకుతుంది. ఈ మూడోది నెల్లూరులో మిగతా రెండింటికంటే ముఖ్యం.

నేను మొదలుపెట్టింది ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడకతో. తర్వాత రెండు-ఒకటి, చలికాలానికి నాలుగు-ఒకటి. ఫోన్‌లో ఉచిత ఇంటర్వల్ టైమర్ చాలు, ఖరీదైన వాచీ అక్కర్లేదు. మే నెలలో మళ్లీ రెండు-ఒకటికి దిగాను. అది వెనక్కి వెళ్లడం కాదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే, వాతావరణాన్ని బట్టి నిష్పత్తి మార్చుకోవచ్చు. పేస్ (ఒక కిలోమీటరుకు పట్టే టైము) ఆధారంగా రాసిన ప్లాన్లలో ఆ వెసులుబాటు ఉండదు.

పేస్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. "కిలోమీటరు ఏడున్నర నిమిషాల్లో పూర్తి చేయండి" అని ప్లాన్‌లో ఉంటుంది. డిసెంబరులో అది నాకు హాయిగా వచ్చే వేగం. సెప్టెంబరులో అదే వేగానికి గుండె దడదడలాడుతుంది. తెల్లవారుజామున చల్లగానే ఉంటుంది కదా అంటారు. ఎండ ఉండదు, నిజమే. కానీ రోజు మొత్తంలో గాలిలో తేమ శాతం ఎక్కువగా ఉండేది కూడా అప్పుడే. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. ఉక్కలో అది ఆవిరి కాదు, మోచేతుల మీదుగా బొట్లు బొట్లుగా కారిపోతుంది. రెండో కిలోమీటరుకే టీషర్టు వీపుకి అంటుకుపోతుంది, నాలుగోదానికి సాక్సులు తడుస్తాయి. ఒంట్లో నీళ్లు పోతాయి గానీ చల్లదనం రాదు. వేడి బయటికి పంపడానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం తోలాలి, కాళ్లకూ ఇవ్వాలి. అందుకే అదే వేగానికి ఎక్కువ కొట్టుకుంటుంది. ఇది ఫిట్‌నెస్ తగ్గడం కాదు. ఈ ఒక్క విషయం తెలియక, "నా వల్ల కాదులే" అని మధ్యలో మానేసినవాళ్లను మా స్టేడియంలోనే చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పేస్‌కు బదులు నేను ఊపిరిని నమ్ముకున్నాను. పరిగెత్తుతూ మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఒంటరిగా పరిగెత్తేవాళ్లు ఎవరితో మాట్లాడాలి? నేను పదమూడో ఎక్కం పైకి చదువుతాను. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ల ఇరవై ఆరు, పదమూడు మూళ్ల ముప్పై తొమ్మిది. ఇంతవరకు ఆయాసం లేకుండా వస్తే అలాగే సాగిపోతాను. "రెళ్ల" దగ్గరే ఊపిరి తెగితే వేగం తగ్గిస్తాను. గుండె వేగం చూపించే బెల్టు కొన్నాళ్లు అరువు తెచ్చుకుని పోల్చి చూశాను. ఎక్కం చెప్పినదానికీ అది చూపించినదానికీ పెద్ద తేడా లేదు.

వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో దూరం తగ్గించాలి, వేగం మాటే ఎత్తకూడదు. తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, ఉక్కలోనూ ఒళ్లు జలదరించడం, వీటిలో ఏది కనిపించినా పరుగు అక్కడితో ఆపి నీడకు వెళ్లాలి. మాట తడబడినా, తికమకపడుతున్నా అది వడదెబ్బ. నీళ్లు పోసి ఒళ్లు చల్లబరుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏప్రిల్ నుంచి జూన్ సగం దాకా నేను ప్లాన్ పక్కన పెట్టేస్తాను. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దలు. జూన్ వచ్చినా నెల్లూరులో పడమటి గాలి సెగలు కక్కుతూనే ఉంటుంది. ఆ రెండున్నర నెలలూ వారానికి మూడుసార్లు చిన్న పరుగు, ఇంట్లో మెట్లు ఎక్కడం, పిక్కలకి, తుంటికి వ్యాయామాలు. అంతే.

ఇక 12 వారాల లెక్క. ప్లాన్‌లో వారానికి మూడు చిన్న పరుగులు, ఆదివారం ఒక లాంగ్ రన్. లాంగ్ రన్ 5 కిలోమీటర్ల దగ్గర మొదలై కొంచెం కొంచెంగా 16 దాకా పెరుగుతుంది. మిగతా అయిదూ రేసు రోజునే. ఈ నిర్మాణానికి వంక పెట్టను, చాలా బాగుంది. చిక్కల్లా క్యాలెండరుతో. మనకు దగ్గర్లో, వాతావరణం అనుకూలంగా ఉండే రేసంటే జనవరిలో జరిగే చెన్నై మారథాన్. దానికి పన్నెండు వారాలు వెనక్కి లెక్కపెడితే అక్టోబరు సగంలో మొదలుపెట్టాలి. సరిగ్గా ఈశాన్య రుతుపవనాలు దిగే సమయం! రాష్ట్రంలో చాలా జిల్లాలకు జూన్ నుంచి పడే వాన పెద్దదైతే, మనకి అక్టోబరు, నవంబరుల్లో పడేదే అసలు వాన. వాయుగుండం వచ్చిందంటే వారం వారమంతా పోతుంది. దానికి తోడు దీపావళి, కార్తీక మాసం.

అందుకని ఆ ప్లాన్‌ను పద్దెనిమిది వారాలకు సాగదీశాను. ఆగస్టు చివర్లో మొదలు. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించి ఒంటికి విశ్రాంతి. వాన వల్ల పోయిన పరుగులు పోయినట్టే, వాటిని తర్వాతి వారంలో కలిపి తీర్చకూడదు. వారానికి మించి గ్యాప్ వస్తే ప్లాన్‌లో ఒక వారం వెనక్కి వెళ్లాలి. ఇంత వెసులుబాటు పెట్టుకున్నాక వానంటే టెన్షన్ పోయింది. తడిసిన షూలో పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెడితే తెల్లారేసరికి చాలావరకు ఆరిపోతాయి.

లాంగ్ రన్‌లకి మైపాడు రోడ్డు నాకు కుదిరింది. ఎత్తుపల్లాలు లేవు. ఊరు దాటితే రెండు పక్కలా పొలాలు. డిసెంబరులో నాట్ల కాలం, ట్రాక్టర్లు రోడ్డు మీదికి తెచ్చిన బురద ముద్దల మీద కాలు జారుతుంది, చూసుకోవాలి. వాహనాలకు ఎదురుగా, కుడి పక్కన పరిగెత్తాలి. నడుముకి మెరిసే పట్టీ, చేతిలో చిన్న టార్చి ఉండాలి. హైవే వైపు మాత్రం వెళ్లొద్దు. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవడమే మందు. కరిస్తే మాత్రం పావుగంట సబ్బుతో, ధారగా పారే నీళ్లతో కడిగి, అదే రోజు వ్యాక్సిన్ మొదలుపెట్టాలి.

ఆడవాళ్లకు ఇంకో మాట. చీకట్లో అంత దూరం ఒంటరిగా వెళ్లాలంటే నాకు ధైర్యం చాల్లేదు, చాలాల్సిన అవసరమూ లేదు. పెద్ద దూరాలప్పుడు మా ఆయన స్కూటీ మీద నీళ్లు పట్టుకుని వెనకే వచ్చేవారు. ఆయన రాని ఆదివారాలు స్టేడియంలోనే చుట్లు తిరిగేదాన్ని. మంచి స్పోర్ట్స్ బ్రా మీద పెట్టే డబ్బు షూ మీద పెట్టేదానికంటే తక్కువ ముఖ్యం కాదు. బట్టల కుట్లు ఒరుసుకునే చోట వ్యాజలీన్ రాయాలి, లేకపోతే స్నానం చేసేటప్పుడు మంట భరించలేం. మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్, బీపీ, షుగర్ చూపించుకోండి. రక్తం తక్కువగా ఉంటే ఏ ప్లానూ సాగదు.

నీళ్ల విషయంలో రెండు వైపులా ప్రమాదం ఉంది. తాగకపోతే ఒకటి, అదే పనిగా ఉత్త నీళ్లు తాగేస్తే రక్తంలో ఉప్పు పలచబడిపోవడం ఇంకోటి. గంట దాటిన పరుగుకి నేను ఓఆర్ఎస్ వాడతాను, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాతో వచ్చే పొడి ప్యాకెట్టు, లీటరు నీళ్లలో. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అట్టపెట్టెల్లో అమ్ముతూ వచ్చిన తీపి డ్రింకులు వేరు. ఆ ఫార్ములా లేనివాటి మీద ఆ పేరు వాడొద్దని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో చెప్పింది. బీపీ, కిడ్నీ ఇబ్బందులు ఉన్నవాళ్లు డాక్టరును అడిగే వాడాలి. తిండికి రన్నర్లు వాడే ఎనర్జీ జెల్స్ కొనలేదు. బయల్దేరే ముందు అరటిపండు, గంట దాటాక అరగంటకోసారి బెల్లం ముక్క గానీ రెండు ఖర్జూరాలు గానీ. ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ, తర్వాత కారం దోశ. ముందురోజు రాత్రి మాత్రం కారం, పులుసు జోలికి పోను. పప్పన్నం, పెరుగన్నం నాకు సరిపడ్డాయి.

షూ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనాలి. ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య మార్చేయాలి.

రేసుకి ముందురోజు పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లాం. తెల్లవారకముందే స్టార్ట్. మొదటి నడక విరామం వచ్చేసరికి నా వెనకున్నవాళ్లంతా దాటిపోయారు. చేయి పైకెత్తి, రోడ్డు అంచుకు జరిగి, నా నిమిషం నేను నడిచాను. జనం మధ్యలో ఉన్నట్టుండి ఆగితే వెనకవాళ్లు గుద్దుకుంటారు, ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి. పదిహేను దాటాక దృశ్యం మారింది. ముందు వెళ్లినవాళ్లు చాలామంది పిక్కలు పట్టుకుని నిలబడి కనిపించారు. నేను నా నాలుగు-ఒకటి మీద సాగిపోతూనే ఉన్నాను. మూడు గంటల లోపే ముగించాను. మోకాళ్లు నొప్పి పెట్టలేదు. అత్తయ్యకి ఫోన్ చేసి మొదట చెప్పింది అదే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. టైమర్ శబ్దం కొన్ని రోజులు చిరాకు పెడుతుంది, వైబ్రేషన్‌లో పెట్టుకుంటే నయం. ఆపకుండా పరిగెత్తే బృందంతో కలిసి వెళ్లడం కుదరదు. నడవడం చూసి "దీన్ని పరుగంటారా" అనేవాళ్లు ఉంటారు, ఆ మాట ఎంతమంది కొత్తవాళ్లను ఇంటికి పంపేస్తుందో వాళ్లకి తెలియదు. వీటన్నిటికంటే అసలు ఇబ్బంది చివరి మూడు కిలోమీటర్లలో. నిమిషం నడిచేసరికి తొడలు బిగుసుకుని, మళ్లీ పరుగు అందుకోవడం కష్టమవుతుంది. గాలొవే కూడా తర్వాతి రోజుల్లో 30 సెకన్ల నడక చాలని చెప్పారు. ఈ సీజన్లో నేను రెండు నిమిషాల పరుగు, 30 సెకన్ల నడకకు మారాను. 14 కిలోమీటర్ల దాకా ఇప్పటికి బాగుంది. ఆపైన ఎలా ఉందో జనవరి రేసు అయ్యాక రాస్తాను.