టర్బో హోస్ చీలింది: కంపెనీది వేయాలా, సిలికాన్‌దా?

యాక్సిలరేటర్ నొక్కగానే బుస్సుమని శబ్దం, వెనక నల్ల పొగ, బండి లాగకపోవడం, ఇవన్నీ కలిసి వస్తే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) పోయిందని టెన్షన్ పడేముందు హోస్, అంటే ఆ గాలిని ఇంజిన్ వైపు తీసుకెళ్లే గొట్టం చూడండి. ఇంజిన్ చల్లారాక చేత్తో వంచి కింది వైపు కూడా తడమాలి, ఎందుకంటే చిన్న చీలిక మామూలుగా మూసుకునే ఉండి ప్రెషర్ ఎక్కినప్పుడే తెరుచుకుంటుంది. టేపు చుట్టడం ఇంటికి చేరేదాకే, తర్వాత మార్చాల్సిందే.

ఖర్చు: సాధారణంగా కంపెనీదే ఎక్కువ.

బిగింపు: కంపెనీది సరిగ్గా కూర్చుంటుంది. సిలికాన్‌కి సైజు, వంపు చూసుకుని మంచి క్లాంపులు వేయాలి, వదులైతే లోడు మీద ఊడిపోతుంది.

వేడి: సిలికాన్ మెరుగు, మన బెజవాడ ఎండల్లో ఇది చిన్న విషయం కాదు.

ఆయిల్: అసలు చిక్కు ఇక్కడే. టర్బో నుంచి వచ్చే గాలిలో కొద్దిగా ఆయిల్ ఉంటుంది, అది మామూలు సిలికాన్‌ని క్రమంగా పాడుచేస్తుంది. ఆటోనగర్‌లో కొనేటప్పుడు లోపల ఆయిల్‌ని తట్టుకునే ఫ్లోరోసిలికాన్ పొర ఉందా అని అడగండి, చెప్పలేకపోతే కొనకండి.

వారంటీ ఉన్న బండికైతే ఆలోచించకుండా కంపెనీదే వేయించండి. పార్టు దొరకని పాత బండితో రోజూ వారధి దాటి గుంటూరు వెళ్లొచ్చేవాళ్లకి పొర ఉన్న సిలికాన్ చాలు.